దెయ్యం బొమ్మలు, లిమిటెడ్ ఎడిషన్ దేవుళ్ళు

జపాన్ వాళ్ళు తీసే కార్టూన్ సినిమాల్ని, సీరియల్స్‌ని అనిమె అంటారు. వాటిలోని పాత్రల ప్లాస్టిక్ బొమ్మల్ని, కీచెయిన్లని, బ్యాడ్జీలని, కత్తుల నమూనాలని కొని దాచుకునే అలవాటు ఇప్పుడు మన తెలుగు కుర్రవాళ్ళలో కూడా బాగా కనిపిస్తోంది. పెద్ద నగరాల్లో ఈ అభిమానుల కోసం మేళాలు జరుగుతాయి. హైదరాబాద్‌లో కామిక్ కాన్ 2013లోనే మొదలయ్యింది. ఇలాంటి మేళాలలో టేబుళ్ళ మీద బొమ్మలు పెట్టుకుని అమ్మే డీలర్లు ఉంటారు. అయిదు వందల కీచెయిన్ నుంచి ఇరవై వేల బొమ్మ దాకా దొరుకుతాయి.

ఈ అలవాటు గురించి పెద్దవాళ్ళు సాధారణంగా రెండు మాటలు అంటారు. ఒకటి "డబ్బు దండగ", రెండోది "ఇంట్లో ఆ దెయ్యం మొహాలేమిటి?". కుర్రవాళ్ళు కూడా రెండు మాటలు అంటారు. ఒకటి "నా ఇష్టం", రెండోది "ఇది ఇన్వెస్ట్‌మెంట్". ఈ నాలుగు మాటల్లో రెండు వాదించదగ్గవి. మిగతా రెండు అచ్చమైన మూఢ నమ్మకాలు. ఏ రెండు మూఢ నమ్మకాలో చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

నేను ఉండేది కిరండూల్‌లో. ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో, బైలదిలా కొండల క్రింద ఉన్న ఊరు ఇది. కొండ ఎద్దు మూపురంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్, జగ్‌దల్‌పూర్‌ల మీదుగా వచ్చే రైలు ఇక్కడితో ఆగిపోతుంది. గనుల్లో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ చాలా మంది ఉన్నారు. ఇక్కడి బజారులో అనిమె బొమ్మల దుకాణం నేను చూడలేదు. కానీ జపాన్ పేరు ఈ ఊరికి కొత్త కాదు. అసలు ఈ ఊరు ఈ రూపంలోకి వచ్చిందే జపాన్ కోసం. ఇక్కడి ఇనుప రాయిని జపాన్ ఉక్కు కర్మాగారాలకి అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖ ఓడరేవుకి చేర్చడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 450 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. 1968లో ఇక్కడి 14వ నంబర్ డిపాజిట్‌లో ఉత్పత్తి మొదలయ్యింది. దశాబ్దాల పాటు మన ఎర్ర రాయి అటు వెళ్ళింది. ఇప్పుడు అటు నుంచి మా పిల్లల అలమరాలలోకి పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు వస్తున్నాయి. అది మంచి వ్యాపారమా, కాదా అనేది వేరే చర్చ.

బొమ్మలు పోగు చేసుకోవడం పరాయి సంస్కృతి అనేవాళ్ళకి ముందుగా ఒక మాట చెప్పాలి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే కుటుంబాలు తరతరాలుగా చేసింది ఏమిటి? కొండపల్లి నుంచి తెల్ల పొణికి కర్ర బొమ్మలు, ఏటికొప్పాక నుంచి లక్క పూసిన అంకుడు కర్ర బొమ్మలు కొని, మెట్ల మీద వరుసగా పెట్టి, పేరంటాళ్ళని పిలిచి చూపించారు. ఏడాదికి ఒక కొత్త బొమ్మయినా చేర్చాలని పట్టు పట్టిన అమ్మమ్మలు మనకి తెలుసు. మొహెంజోదారోలో దొరికిన నాట్యగత్తె కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు. జపాన్‌లో 2006లో మొదలైన నెండరాయిడ్ అనే పెద్ద తల బొమ్మల ఎత్తు కూడా సుమారు 10 సెంటీమీటర్లే. చేతిలో ఇమిడే మనిషి బొమ్మని చేసుకుని చూసుకోవాలనే కోరిక నాలుగు వేల ఏళ్ళ నుంచి ఉంది. కాబట్టి "మన సంస్కృతి కాదు" అనే వాదన నిలబడదు.

ఇప్పుడు మొదటి మూఢ నమ్మకం సంగతి చూద్దాం.

మా మేనల్లుడు ఇక్కడే ఒక కాంట్రాక్టర్ దగ్గర పని చేస్తున్నాడు. వయసు ఇరవై నాలుగు. "డీమన్ స్లేయర్" అనే అనిమె అంటే వాడికి పిచ్చి. 2025 సెప్టెంబర్‌లో ఆ సిరీస్‌లోని "ఇన్ఫినిటీ క్యాసిల్" సినిమా మన దేశంలో తెలుగు డబ్బింగ్‌తో కూడా విడుదలయ్యింది. అందులో నెజుకో అనే అమ్మాయి రాక్షసిగా మారిపోతుంది, కానీ మనుషుల్ని తినకుండా తనని తాను నిగ్రహించుకుంటుంది. నోటికి అడ్డంగా వెదురు ముక్క కట్టుకుని ఉంటుంది. వాడి గదిలో ఆమె బొమ్మలు మూడు ఉన్నాయి. వర్షాకాలంలో మా బావ గారు బచేలి రోడ్డు మీద బైక్ జారి పడ్డారు. చెయ్యి విరిగింది. ఆయన నమ్మే జ్యోతిష్యుడు ఒకాయన ఫోన్‌లోనే ఇంటి సంగతులు అన్నీ అడిగి, "ఇంట్లో రాక్షస రూపం ఉంది, దాన్ని పారే నీటిలో వదిలెయ్యండి" అని చెప్పాడు. మా బావ గారు బొమ్మల్ని సంచీలో వేసేశారు. ఇంట్లో పెద్ద గొడవ అయ్యింది.

నేను మా బావ గారిని ఒకటే అడిగాను. "బావ గారూ, మీరు ఇల్లు కట్టినప్పుడు ముందు వైపు కోరలు, గుడ్లగూబ కళ్ళు ఉన్న దిష్టి బొమ్మ వేలాడదీశారు కదా. అది రాక్షసుడి మొహం కాదా?" అని. దానికి ఆయన "అది దిష్టి పోవడానికి" అన్నారు. అంటే ఒక రాక్షసుడి మొహం గుమ్మం బయట ఉంటే రక్షిస్తుంది, ఇంకో రాక్షసి మొహం అలమరాలో ఉంటే చెయ్యి విరగ్గొడుతుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో కనుక్కునే పరీక్ష ఏదైనా ఉందా? లేదు. చెప్పేవాడి నోటి మాట తప్ప వేరే ఆధారం లేదు. నెజుకో బొమ్మ వల్ల ప్రమాదాలు జరిగేటట్టయితే జపాన్ దేశంలో మనుషులు మిగలకూడదు. ప్రపంచంలో ఎక్కువ కాలం బ్రతికే జనాభా ఉన్న దేశాల్లో జపాన్ ఒకటి. బైక్ జారడానికి కారణం వెతకాలంటే అరిగిపోయిన టైరుని, లారీల నుంచి రాలిన ఎర్ర బురదని చూడాలి.

ఇది ఒక్క మా ఇంటి విషయం కాదు. 2001లో సౌదీ అరేబియాలో మత పెద్దలు పోకెమాన్ ఆటని నిషేధింపజేశారు. 2016లో పోకెమాన్ గో అనే ఫోన్ ఆటలో గుడ్లు గుళ్ళ దగ్గర కనిపిస్తున్నాయని, అందువల్ల మనోభావాలు దెబ్బ తింటున్నాయని గుజరాత్ హైకోర్టులో పిటిషన్ వేశారు. ఫోన్ తెర మీద తప్ప ఎక్కడా లేని గుడ్డు వల్ల గుడి మైలపడుతుందని వాదించేవాళ్ళకి, ప్లాస్టిక్ బొమ్మకి భయపడేవాళ్ళకి పెద్ద తేడా లేదు.

ఈ గొడవలో మా మేనల్లుడు ఒక మంచి మాట అన్నాడు. "మామయ్యా, నేను దీనికి దండం పెట్టట్లేదు, ఏమీ కోరుకోవట్లేదు. దీన్ని ఎవరు చేశారో దీని అడుగునే వ్రాసి ఉంది" అన్నాడు. నిజమే. అసలైన అనిమె బొమ్మ పీఠం మీదో, పాదం క్రిందో హక్కుదారు పేరు, కంపెనీ పేరు ఉంటాయి. పెట్టె మీద ఏ దేశంలో తయారయ్యిందో ఉంటుంది. చాలా బొమ్మలకి శిల్పి పేరు, రంగులు వేసినవారి పేరు కూడా ఇస్తారు. ఇది స్వయంభువు అని ఎవరూ అనరు. ఇది మనుషులు అల్లిన కథలోని పాత్ర అని, మనుషులు మూసలో పోసిన ప్లాస్టిక్ అని కొనేవాడికి తెలుసు. బొమ్మని బొమ్మ అని ఒప్పుకుని దాన్ని ఇష్టపడటంలో హేతువాదికి అభ్యంతరం ఉండక్కర్లేదు. ఆ విషయంలో నేను మా మేనల్లుడి పక్షమే.

కానీ ఆ కుర్రవాడే మరుసటి నిమిషంలో ఇంకో మాట అన్నాడు. "పైగా ఇది లిమిటెడ్ ఎడిషన్. రెండేళ్ళలో రేటు డబుల్ అవుతుందని డీలర్ చెప్పాడు". ఇది రెండో మూఢ నమ్మకం. ఇది జ్యోతిష్యుడి మాట కంటే ఏ విధంగా మెరుగో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ భవిష్యత్తు చెపుతున్నారు. ఇద్దరికీ తాము చెప్పినది నమ్మితే లాభం ఉంది. చెప్పినది జరగకపోతే ఇద్దరిలో ఒక్కడు కూడా డబ్బు వెనక్కి ఇవ్వడు.

అరుదు అనే మాట వెనుక ఏముందో చూడండి. ఈ బొమ్మలు పీవీసీ, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లతో తయారవుతాయి. ఉక్కు మూస తయారు చెయ్యడానికే బోలెడు ఖర్చవుతుంది. మూస ఒకసారి తయారయ్యాక వేల బొమ్మలు తియ్యొచ్చు. బాగా అమ్ముడుపోయిన బొమ్మని కంపెనీయే కొన్నాళ్ళకి మళ్ళీ విడుదల చేస్తుంది. అలా విడుదల చేసిన రోజు పాత బొమ్మల రేటు పడిపోతుంది. రెండింతలు పెట్టి కొన్నవాడు నోరు మూసుకుని ఊరుకుంటాడు. ఇంకో రకం బొమ్మలు ఉన్నాయి. జపాన్‌లో గేమ్ సెంటర్లలో క్రేన్ మెషీన్‌తో పట్టుకునే బహుమతుల కోసం చేసినవి. అవి చవగ్గా చేసిన బొమ్మలే. మన దేశానికి వచ్చేసరికి వాటిని కూడా కొందరు డీలర్లు "జపాన్ ఎక్స్‌క్లూజివ్" అని అమ్ముతారు. మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట విన్నవాడు ఊహించుకునేది వేరు.

నిజంగా అరుదైనవి లేవని నేను అనడం లేదు. జపాన్‌లో 1980లలో మొదలైన వండర్ ఫెస్టివల్ అనే మేళా ఉంది. అక్కడ చాలా మంది సామాన్య అభిమానులు స్వయంగా శిల్పం చేసి, సిలికాన్ అచ్చు తీసి, రెసిన్‌తో కొద్ది సంఖ్యలో బొమ్మలు పోసుకుని టేబుల్ మీద పెట్టి అమ్ముతారు. ఆ పాత్రల హక్కులు వేరేవాళ్ళవి కాబట్టి, ఆ ఒక్క రోజుకి మాత్రమే చెల్లే లైసెన్స్ ఇస్తారు. మర్నాడు అమ్మకూడదు. అక్కడ అరుదు అనే దానికి కారణం ఉంది, ఆ కారణాన్ని ఎవరైనా వెళ్ళి సరి చూసుకోవచ్చు. చేసినవాడే ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఫ్యాక్టరీలో పోసిన బొమ్మ పెట్టె మీద స్టిక్కర్ వేసి అరుదు అనడం దీనితో సమానం కాదు.

"ఎప్పటికైనా రేటు పెరుగుతుంది" అనే నమ్మకానికి 1990లలో అమెరికాలో పెద్ద ప్రయోగమే జరిగింది. బీనీ బేబీస్ అని గుడ్డ బొమ్మలు. ఆ కంపెనీ అప్పుడప్పుడు ఒక రకాన్ని ఆపేసి కొరత పుట్టించేది. జనం పిల్లల చదువుకి పనికొస్తాయని కొని దాచారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట కోర్టు గదిలో నేల మీద కూర్చుని ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా పంచుకున్నారు. తరువాత ఆ బుడగ పేలింది. వేలకి వేలు పెట్టి కొన్న బొమ్మల్లో చాలా మటుకు కొన్న ధరకి కూడా అమ్ముడుపోలేదు.

మనిషికి అసలు, నకలు అనే పట్టింపు ఎక్కడి నుంచి వస్తుంది? బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. చిన్న పిల్లలకి ఒక మెషీన్ చూపించి, ఇది ఏ వస్తువుకైనా అచ్చంగా ఇంకోటి తయారు చేస్తుందని నమ్మించారు. మామూలు ఆట వస్తువయితే పిల్లలు నకలు తీసుకోవడానికి వెనుకాడలేదు. కానీ రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ విషయంలో ఎక్కువ మంది పాతదే కావాలన్నారు. కొందరు దాన్ని మెషీన్‌లో పెట్టడానికే ఒప్పుకోలేదు. వస్తువులో కంటికి కనిపించని సారం ఏదో ఉందని మనం అనుకుంటాం. తీర్థం నీళ్ళు, తాయెత్తు, సినిమా హీరో సంతకం చేసిన చొక్కా, అన్నీ ఆ భావన మీదే అమ్ముడుపోతాయి. "ఒరిజినల్" అనే మాటతో డీలర్ తట్టేది కూడా ఆ తలుపునే.

అయితే అసలు బొమ్మకి, నకిలీ బొమ్మకి తేడా అంతా భ్రమ అని కూడా అనకూడదు. అసలు బొమ్మ కొంటే శిల్పికి, కథ వ్రాసినవాళ్ళకి డబ్బు వెళుతుంది. రంగు, పదార్థం ఏమిటో బాధ్యత వహించే కంపెనీ ఉంటుంది. నకిలీలో ఇవేవీ ఉండవు. పైగా ఇది పరీక్షించగలిగే తేడా. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటోతో పోల్చి చూస్తే కళ్ళ దగ్గర రంగు చెదిరిందా, చర్మం నూనె రాసినట్టు మెరుస్తోందా, అతుకులు కనిపిస్తున్నాయా అన్నది తెలుస్తుంది. పెట్టె మీద కంపెనీ పేరు, హక్కుదారు గుర్తు చూడాలి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే అనుమానించాలి. బయట పది వేలున్నది మూడు వేలకే ఇస్తానంటే అడగక్కర్లేదు.

మా మేనల్లుడు ఒక పెద్ద నగరంలో జరిగిన మేళాలో తొమ్మిది వేల అయిదు వందలు పెట్టి కొన్న బొమ్మని ఇలాగే పరీక్షించాం. పీఠం మీద ఏ గుర్తూ లేదు, పెట్టె మీద పాత్ర పేరులోనే అక్షరం తప్పు ఉంది. బిల్లు అడిగితే డీలర్ విజిటింగ్ కార్డ్ ఇచ్చాడట. ఆ నంబర్ పని చెయ్యడం లేదు. అది వాడి పదిహేను రోజుల జీతం. సగం స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నది.

నకిలీలు ఇంతగా చెలామణీ అవ్వడానికి ఆర్థిక కారణాలు కూడా ఉన్నాయి. మన ప్రభుత్వం దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయ్యింది. పిల్లల ఆరోగ్యం కోసం ఆ నియమం మంచిదే. కానీ సుంకం కట్టి వచ్చే బొమ్మ సామాన్యుడికి అందని ధరలో ఉంటే, ఆ ఖాళీలోకి నకిలీ వచ్చి కూర్చుంటుంది.

ఇక మా బస్తర్ సంగతి. కొండాగావ్‌లో ఘడవా కళాకారులు ఢోక్రా బొమ్మలు చేస్తారు. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి మూసని పగలగొడతారు. మూస పగిలిపోతుంది కాబట్టి ఆ బొమ్మ లాంటిది ఇంకోటి రాదు. మొహెంజోదారో నాట్యగత్తెని కూడా మైనం కరిగించే పద్ధతిలోనే చేశారు. లిమిటెడ్ ఎడిషన్ అనే మాటకి ప్రపంచంలో ఎక్కడైనా అర్థం ఉందంటే ఇక్కడ ఉంది. ప్రతీ బొమ్మా ఒకటే ప్రతి. కానీ జాతరలో, రోడ్డు ప్రక్కన ఆ బొమ్మ ముందు నిలబడి మనవాళ్ళు చేసే బేరం చూడండి. పన్నెండు వందలు అంటే "నాలుగు వందలకి ఇస్తావా?" అంటారు. అదే మనిషి వాతానుకూలిత హాలులో డీలర్ చెప్పిన ధర మారు మాట్లాడకుండా ఇస్తాడు. ఆ తేడా వస్తువులో లేదు, అమ్మేవాడి హోదా మీద మనకున్న నమ్మకంలో ఉంది. గుడి ముందు పూల అమ్మాయి దగ్గర రెండు రూపాయలు తగ్గించమని, హుండీలో అయిదు వందలు వేసేవాళ్ళ పద్ధతి ఇదే.

ఈ బొమ్మల మీద చెయ్యదగ్గ విమర్శ ఒకటి ఉంది. చాలా కంపెనీలు ఆడ పాత్రల బొమ్మల్ని, కథలో లేని భంగిమల్లో, కేవలం మగవాళ్ళ కంటికి విందు కోసం చేస్తాయి. దాన్ని స్త్రీ సమానత్వ దృష్టితో విమర్శించాలి. కానీ "దెయ్యం బొమ్మ" అని అరిచేవాళ్ళకి ఆ ఊసే పట్టదు. భయం ఉన్న చోట ఆలోచన ఉండదు కాబట్టి నిజమైన విమర్శ వాళ్ళకి తోచదు.

"డబ్బు దండగ" అనే మాట గురించి కూడా చెప్పాలి. జీతం తెచ్చుకునే మనిషి ఇంటి ఖర్చు పోగా మిగిలిన దాంట్లో తనకి సంతోషాన్నిచ్చే వస్తువు కొనుక్కుంటే అది దండగ అని ఎవరూ అనకూడదు. మా బావ గారు శాంతి హోమానికి ఖర్చు పెట్టింది పదకొండు వేలు. దాని వల్ల వచ్చిన వస్తువు కూడా ఏమీ లేదు, కనీసం బొమ్మ అయినా మిగలలేదు. కానీ అప్పు చేసి, రేటు పెరిగాక తీరుస్తాననుకుని కొనడం వేరు. కాంట్రాక్ట్ పనిలో జీతం ఎన్నాళ్ళు వస్తుందో తెలియని కుర్రవాడికి ప్లాస్టిక్ బొమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్ అవ్వదు. ఎండ తగిలితే వెలిసిపోతుంది, కొన్నేళ్ళకి జిగురు కారుతుంది. మా ఊళ్ళో అయితే అద్దాల అలమరాలో పెట్టినా సన్నటి ఎర్ర దుమ్ము ఎక్కడో ఒక చోట నుంచి దూరుతుంది. తెల్ల జుట్టు బొమ్మ రెండేళ్ళకి గోధుమ రంగు జుట్టు బొమ్మ అవుతుంది.

అందువల్ల బొమ్మలు కొనే కుర్రవాళ్ళకి నేను చెప్పేది ఇది. డీలర్ చెప్పే మాటల్ని రెండు కుప్పలు చెయ్యండి. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, లైసెన్స్ ఉందా, పదార్థం ఏమిటి, బిల్లు ఇస్తారా - ఇవి అక్కడికక్కడ పరీక్షించగలిగేవి. రేటు పెరుగుతుంది, మళ్ళీ దొరకదు, మీ అదృష్టం కొద్దీ ఒకటే మిగిలింది - ఇవి పరీక్షించలేనివి. మొదటి కుప్ప చూసి కొనండి, రెండో కుప్పకి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. రేపు దీని రేటు సున్నా అయినా నాకు ఇది కావాలా అని ప్రశ్నించుకోండి. కావాలి అనిపిస్తే, చేతిలో డబ్బుంటే, కొనుక్కోండి.

తల్లిదండ్రులకి చెప్పేది కూడా ఇదే. మీ జ్యోతిష్యుడి మాటల్ని కూడా ఇలాగే రెండు కుప్పలు చేసి చూడండి. మొదటి కుప్పలో ఏమైనా మిగులుతుందేమో మీరే చెప్పండి.